నడుం పట్టేయడం వేరు, భుజం బిగుసుకోవడం వేరు

ప్రశ్న: నాకు 48 ఏళ్లండి. పాలకొల్లు దగ్గర పల్లె. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ లేసు అల్లుతున్నాను. పొద్దున్న లేచేసరికి నడుం కొయ్యబారిపోయి ఉంటుంది. కాసేపు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అల్లిక డబ్బులు రావడం ఆలస్యమై టెన్షన్ పడిన రోజు మరీ ఎక్కువ. నాలుగైదు నెలలుగా కుడి భుజం కూడా పట్టేసింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి వెళ్లడం లేదు. రాత్రి ఆ పక్కకి తిరిగితే నొప్పికి మెలకువ వచ్చేస్తోంది. మా అబ్బాయి టౌన్లో ఒక మసాజ్ సెంటరుకి తీసుకెళ్లాడు. ఒంట్లో ఫేషియా అనే పొర ఎండిపోయి అతుక్కుపోయిందని, పది సిట్టింగుల్లో గట్టిగా నొక్కి విడగొడతామని, ఆ తర్వాత కొల్లాజెన్ పొడి వాడాలని చెప్పారు. మా అత్తగారేమో ఇదంతా వాతం అంటారు. నేను నీడపట్టున కూర్చుని అల్లుకునేదాన్ని. మా తోడికోడలు సార్వా ఊడ్పుల్లో రోజంతా వంగి నాట్లేసి వస్తుంది, ఆవిడకి ఇంత బిగుసుకోదు. కూర్చున్నదానికి నాకెందుకిలా? ఆ పొర నిజంగా అతుక్కుపోతుందా? మసాజుకి వెళ్లమంటారా?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, మసాజుకి డబ్బు కట్టే ముందు ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. నేనడిగిందేమిటి, ఈ సమాధానమేమిటి అనుకోకండి. మీరు నడుం, మెడ, భుజం మూడింటినీ ఒకే గాటన కట్టి రాశారు. మీకు చెప్పినవాళ్లూ అలాగే కట్టారు. ఉత్తరం చదువుతుంటే నాకు మాత్రం ఇవి రెండు వేరువేరు బిగింపులుగా కనబడుతున్నాయి. మీ నడుం, మెడ కాస్త తిరిగితే వదిలే రకం. భుజం తిరిగినా వదలని రకం. రెండింటికీ కలిపి ఒకే వైద్యం చేయిస్తే మొదటిది ఎలాగూ తగ్గుతుంది, రెండోది ముదిరిపోవచ్చు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పొర సంగతి. మీరు చూడనిదేం కాదు. కోడిని శుభ్రం చేసేటప్పుడు చర్మం పట్టుకుని లాగితే, చర్మానికీ కండకీ మధ్య పల్చటి తడి పొర ఒకటి సాగి, తెల్లబడి, అప్పుడు తెగుతుంది. తొడ ముక్కలో కండలు కత్తి పెట్టకుండానే వేళ్లతో విడదీస్తే విడిపోతాయి. వాటి మధ్య జారుడు పొర ఉండబట్టే అలా విడిపోతాయి. మటన్ ముక్క మీద మెరుస్తూ, కత్తికి చిక్కకుండా జారే గట్టి తెల్ల పొర కూడా ఆ కుటుంబానిదే. మన ఒంట్లోనూ ఇదే అమరిక. చర్మం కింద వదులుగా ఒక పొర, దాని కింద కండల్ని చుట్టి ఉండే దట్టమైన పొర, కండ లోపల ఒక్కో పోగునీ చుట్టే సన్నని పొరలు, కీలు చుట్టూ సంచి, కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు. ఇవన్నీ ఒకదానిలోంచి ఒకటి సాగిపోతూ తలనుంచి అరికాలిదాకా ఎక్కడా తెగకుండా ఉంటాయి. స్కూలు పుస్తకాల్లో సంయోజక కణజాలం అని చదువుకున్నది ఇదే.

ఇందులో బలమంతా కొల్లాజెన్ పోగులది. ఒంట్లో ఉన్న మొత్తం ప్రొటీన్లో దాదాపు మూడో వంతు ఇదే. సాగి మళ్లీ యథాస్థితికి రావడానికి ఎలాస్టిన్ పోగులు ఉంటాయి. పోగుల మధ్య, పొరల మధ్య నీటిని పట్టి ఉంచే జిగురు ద్రవం ఉంటుంది, అందులో ముఖ్యమైనది హయాలురోనిక్ ఆమ్లం. ఈ పోగుల్నీ జిగురునీ తయారు చేసే కణాలు, ఫైబ్రోబ్లాస్టులు, అక్కడే కాపురం ఉంటాయి. ఏ వైపు లాగుడు పడుతోంది, ఎంత పడుతోంది అన్నది ఇవి గమనిస్తూనే ఉంటాయి. దాన్నిబట్టి పాత పోగులు తీసేసి కొత్తవి వేస్తుంటాయి. మీరు రోజూ ఎంతమేర కదులుతారో అంతమేరకే అవి ఏర్పాటు చేస్తాయి. చెయ్యి తలపైకి ఎత్తాల్సిన పని నెలల తరబడి పడకపోతే, తలపైకి ఎత్తడానికి కావలసిన వదులు అక్కడ ఉంచవు.

ఇక కూర్చున్నదానికి ఎందుకు బిగుస్తుందన్న మీ ప్రశ్న. పొరలు ఒకదాని మీద ఒకటి జారాలంటే మధ్యలో ఉన్న ఆ ద్రవం పల్చగా ఉండాలి. కదలకుండా ఉంటే అది చిక్కబడుతుంది. బెల్లం పాకం పొయ్యి దించి వదిలేస్తే గరిట తిరగనంత ముదురుతుంది, మళ్లీ వేడి తగిలి గరిట ఆడితే వదులవుతుంది చూశారా, ఇదీ ఆ తీరే. రాత్రంతా కదలకుండా పడుకుని లేచినప్పుడు నడుం కొయ్యబారడం, నాలుగడుగులు వేశాక సర్దుకోవడం వెనక ఇదొక కారణం. నిజంగా అతుక్కుపోయి ఉంటే మీరు వాకిట్లో అటూ ఇటూ తిరిగినంత మాత్రాన వదిలేది కాదు. మీ అనుభవమే మీకు జవాబు చెబుతోంది.

రెండో కారణం మీ చేత్తో మీరే చూసుకోవచ్చు. నిలబడి, రెండు చేతుల వేళ్లూ వెన్నెముకకి అటూ ఇటూ నడుం మీద ఆనించండి. మెల్లగా ముందుకి వంగండి. మొదట వేళ్ల కింద కండలు గట్టిపడతాయి. ఇంకా వంగి, పూర్తిగా కిందికి వేలాడినప్పుడు అవే కండలు మెత్తబడిపోతాయి. అప్పుడు మీ పై ఒళ్లంతా మోస్తున్నది కండలు కాదు, నడుం వెనక ఉన్న దట్టమైన ఫేషియా, ఎముకల్ని కట్టి ఉంచే పట్టీలు. గూని వంచి కూర్చుని అల్లేటప్పుడు కూడా చాలామటుకు జరిగేది ఇదే. హాయిగా ఆనుకుని కూర్చున్నట్టు ఉంటుంది గానీ, బరువంతా ఆ పొరల మీద వేలాడుతుంటుంది. గంటసేపు అలా వేలాడితే అవి కొద్దికొద్దిగా సాగుతాయి. సాగిన పొర సరిగ్గా ఆపలేదని నరాల వ్యవస్థకి అనుమానం వచ్చి, లేచేసరికి చుట్టూ ఉన్న కండల్ని బిగబట్టి ఉంచుతుంది. మీరు లేవబోతూ నడుం మీద చెయ్యి వేసుకుని ‘అమ్మో’ అనేది ఆ క్షణంలోనే. అంటే మనకి బిగుసుకున్నట్టు అనిపిస్తున్న చోట పొర కురచైపోలేదు, నిజానికి ఎక్కువ సాగింది. దాన్ని ఇంకా సాగదీయాలని చూడటం, నొక్కి విడగొట్టాలని చూడటం ఎందుకూ పనికిరాదు.

బిగుసుకున్నట్టు అనిపించడం, బిగుసుకోవడం ఒకటి కాదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నడుం బిర్రుగా ఉందని చెప్పే చాలామందిని పరికరంతో కొలిస్తే, ఏ ఇబ్బందీ లేనివాళ్ల నడుంకన్నా గట్టిగా ఉండదు. అది జాగ్రత్తకోసం మెదడు ఇచ్చే హెచ్చరిక. డబ్బు రాలేదని మనసు కలవరపడిన రోజు మీ మెడ ఎక్కువ పట్టేయడం కూడా ఇందుకే. ఫేషియాలో నొప్పినీ లాగుడునీ గుర్తించే నరాల కొసలు దండిగా ఉంటాయి. టెన్షన్ పడిన రోజు భుజాలు మనకి తెలియకుండానే చెవుల దాకా ఎత్తి పెట్టుకుంటాం, ఊపిరి పైపైన పీలుస్తాం, నిద్ర సరిగా పట్టదు. మామూలు రోజు పట్టించుకోని సంకేతం ఆ రోజు పెద్దదిగా వినిపిస్తుంది. ఇది మీ ఊహ కాదు, నిజమైన నొప్పే. కాకపోతే దానికి మందు పొరని నొక్కడంలో లేదు.

అలాగని పొరలో ఏ మార్పూ ఉండదనీ అనను. ఏడాదికి పైగా నడుంనొప్పి ఉన్నవాళ్లని అల్ట్రాసౌండ్‌తో చూస్తే, నడుం వెనక ఫేషియా పొరలు ఒకదాని మీద ఒకటి జారడం నొప్పి లేనివాళ్లకన్నా సుమారు 20 శాతం తక్కువగా ఉందని 2011లో అమెరికాలో జరిగిన పరిశోధనలో తేలింది. మీకు మసాజ్ సెంటరులో చెప్పినదానిలో ఉన్న నిజం ఇంతవరకే. జారడం తగ్గిన పొరకి కావలసింది జారే పని.

చేత్తో నొక్కి విడగొట్టగలరా? 2008లో దీన్ని లెక్కగట్టి చూశారు. తొడ పక్కనుండే మందపాటి ఫేషియానీ, అరికాలి ఫేషియానీ మనిషి చేత్తో ఒక శాతం నొక్కాలన్నా, సాగదీయాలన్నా మామూలుగా మర్దన చేసే బలం ఏమాత్రం చాలదని తేలింది. అంత బలం పెడితే ముందు చర్మం కమిలిపోతుంది. మసాజు తర్వాత హాయిగా ఉంటుందన్నది నిజం. ఆ హాయి నరాలు శాంతించడంవల్ల, రక్తప్రసరణ పెరగడంవల్ల, పొరల మధ్య ద్రవం కాస్త పల్చబడడంవల్ల వస్తుంది. కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఉంటుంది. ఆ వ్యవధిలో మీరు కదిలితే ఉపయోగం, లేకపోతే మళ్లీ మొదటికే. దీనికి పది సిట్టింగులు అక్కర్లేదు. మీ అత్తగారు నూనె కాచి మెడకి రాస్తే చాలు, వావిలాకు కాచిన నీళ్లతో స్నానం చేసినా, ఉప్పుమూటతో కాపడం పెట్టుకున్నా చాలు. ఆవిడ వాతం అన్నా, మరొకటి అన్నా, ఆ వేడి మాత్రం వదులుకోకండి. కాపడం పెట్టిన వెంటనే పది నిమిషాలు కదలండి, అంతే నా షరతు. మసాజు తర్వాత ఒంటి మీద కమిలిన మచ్చలు పడితే పొర విడిందని చెబుతారు, నమ్మొద్దు. ఇంకొక్క మాట, క్షౌరం చేయించుకున్నాక మెడ విరిపించుకునే అలవాటు మీ ఇంట్లో మగవాళ్లకి ఉంటే మానిపించండి. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాల్లో కొన్ని ఆ మెడ ఎముకల్లోంచే వెళ్తాయి.

కొల్లాజెన్ పొడి కొనకండి. తిన్న కొల్లాజెన్ నేరుగా వెళ్లి మీ నడుం మీద కూర్చోదు, కడుపులో అరిగి ముక్కలైపోతుంది. ఒళ్లు తన కొల్లాజెన్ తానే తయారు చేసుకుంటుంది. దానికి పప్పు, గుడ్డు, చేప లాంటి ప్రొటీన్ కావాలి, సి విటమిన్ కావాలి. పెరట్లో జామచెట్టు ఉంటే ఆ లోటు లేనట్టే. ఆ పొడికి పెట్టే డబ్బుతో మీరు కళ్లజోడు చేయించుకోండి.

కళ్లజోడు ఎందుకంటారా? 48 ఏళ్లకి దాదాపు అందరికీ చత్వారం వచ్చి ఉంటుంది. సన్న దారం, చిన్న కొక్కెం సూది, మధ్యాహ్నం దాటాక తగ్గే వెలుతురు. దారం కనబడక మీరు మెడ వంచి వంచి అల్లుతున్నారేమోనని నా అనుమానం. తల నిటారుగా ఉన్నప్పుడు మెడ మోసేది నాలుగైదు కిలోలు. ముందుకి వంచినకొద్దీ మెడ వెనక కండల మీద భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీ మెడ మధ్యాహ్నం కాకుండా సాయంత్రానికే పట్టేస్తోందంటే నాకు ముందు గుర్తొచ్చేది చూపే. దగ్గరి చూపుకి అద్దాలు పెట్టుకుని, ఒళ్లో ఒక దిండు వేసుకుని దాని మీద చేతులు ఆనించి అల్లండి. అల్లిక కళ్ల దగ్గరికి రావాలి, కళ్లు అల్లిక దగ్గరికి పోకూడదు. గోడకో స్తంభానికో వీపు ఆనించి, నడుం వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లే మీ వీపుకి ఒక దిండైనా దక్కాలి.

ఎలా కూర్చున్నా అరగంట దాటి కదలకుండా ఉండొద్దు. కట్టే కూలి అల్లినదానికే గనుక లేవడం నష్టమని మీకు ఉంటుంది, నాకు తెలుసు. అందుకే గడియారం చూడమనను. ఒక పువ్వు పూర్తయినప్పుడల్లా లేవండి. లేచి, చేతులు నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వాలండి, ఐదారుసార్లు. నడుం నుంచి పై భాగాన్ని కుడికి ఒకసారి ఎడమకి ఒకసారి తిప్పండి. గడ్డం లోపలికి లాక్కుని తల నిటారుగా పెట్టి, భుజాలు వెనక్కి తిప్పండి. మంచినీళ్లు తాగి వచ్చి కూర్చోండి. మొత్తం రెండు నిమిషాల పని. నీళ్లు తాగితే పొర తడిసిపోతుందని కాదు, లేవడానికి అదొక వంక. పొర లోపల ద్రవం మారేది కదలికతోనే.

మీ తోడికోడలి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆవిడ వంగేది మీకన్నా ఎక్కువే, కాదనను. కానీ కాలువగట్టు మీద నడిచి చేనుకి వెళ్తుంది, దమ్ము చేసిన మడిలో ఒక్కో అడుగూ పీకి వేస్తుంది, నారు కట్టలు ఎత్తుకుంటుంది, మునుం చివరికి వచ్చి నడుం ఎత్తి నాలుగు మాటలాడుతుంది. ఒళ్లు ఒకే భంగిమలో ఉండిపోదు. ఆవిడకి రాని చిక్కు మీకు రావడం వింతేం కాదు. అలాగని ఆవిడ నడుం క్షేమంగా ఉందనీ అనుకోకండి. ఊడ్పుల రోజుల్లో రాత్రి పడుకున్నాక ఎలా ఉంటుందో ఒకసారి అడిగి చూడండి. నాట్లేసేవాళ్లకి వచ్చేది బిగింపుకన్నా నొప్పి. మునుం పూర్తయ్యేదాకా ఆగకుండా మధ్యమధ్యలో నిలబడి ఒకసారి వెనక్కి వాలమనండి.

పొద్దున్న విషయంలో మీరు చెయ్యాల్సింది ఇంకొకటుంది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న మనిషి సాయంత్రంకన్నా ఒక సెంటీమీటరో, ఇంకాస్తో పొడవుంటాడు. ఆ సమయంలో వంగితే డిస్కుల మీదా, పట్టీల మీదా పడే ఒత్తిడి మిగతా రోజుకన్నా బాగా ఎక్కువ. మన ఇళ్లలో ఆడవాళ్లు లేస్తూనే చేసేదేమిటి? వంగి వాకిలి ఊడవడం, కళ్లాపి చల్లడం, వంగి ముగ్గు వేయడం. మూడూ నడుం వంచే పనులే, అదీ ఉబ్బిన డిస్కులతో. లేచాక అరగంట, వీలైతే గంట, వంగే పని పెట్టుకోకండి. ముందు టీ పెట్టుకోండి, పెరట్లో తిరగండి, మొక్కలకి నీళ్లు పోయండి. తర్వాత పొడుగు కర్ర చీపురుతో నిలబడి ఊడవండి. ముగ్గు పీట వేసుకుని కూర్చుని వేయండి. ముగ్గు కాస్త ఆలస్యమైతే లక్ష్మీదేవి వెనక్కి వెళ్లదు. నడుంనొప్పి దీర్ఘకాలంగా ఉన్నవాళ్లు పొద్దున్న వంగడం తగ్గించుకుంటే నొప్పి తగ్గిందని పరిశోధనల్లోనూ తేలింది. ఖర్చు లేని వైద్యం ఇది.

కదలిక ఒక్కటే చాలదు, పొరకి బరువు కూడా కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు. మోకాళ్లు వంచి, నడుం నిటారుగా ఉంచి, సగం నింపిన బకెట్ నేలమీంచి ఎత్తి దించడం పదిసార్లు. సాయంత్రం కాలువగట్టు వెంట చురుగ్గా అరగంట నడక. బకెట్ ఎత్తడంలాంటి బరువు పనులు రోజు విడిచి రోజు చేయండి. బరువు పడ్డాక కొల్లాజెన్ తయారీ పెరిగి రెండు మూడు రోజులు కొనసాగుతుంది, దానికి ఆ తెరపి ఇవ్వాలి. వారంలో మార్పు కనబడేది నొప్పిలో మాత్రమే. పోగులు మారడానికి నెలలు పడుతుంది. మధ్యలో మానెయ్యకండి.

ఇప్పుడు భుజం. కుర్చీలో కూర్చుని, రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించి, ముంజేతులు ముందుకి చాచండి, బొటనవేళ్లు పైకి ఉండాలి. మోచేతులు పక్కటెముకల్ని వదలకుండా రెండు ముంజేతులూ బయటికి తిప్పండి. ఎడమది ఎంతవరకు వెళ్లింది, కుడిది ఎంతవరకు వెళ్లిందో చూడండి. తర్వాత మీ అబ్బాయిని మీ కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా, నొప్పి పుట్టేదాకా మాత్రమే, బయటికి తిప్పమనండి. మీరు తిప్పినా అక్కడే ఆగి, అబ్బాయి తిప్పినా అక్కడే ఆగితే, అది కండ తప్పు కాదు, కీలు చుట్టూ ఉన్న సంచి బిగిసింది. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. మీరు తిప్పలేక, అబ్బాయి తిప్పితే హాయిగా వెళ్తుంటే, అది స్నాయువు చిరగడమో బలహీనపడడమో కావచ్చు, దానికి దారి వేరు. మీరు రాసిన జడ సంగతి, రాత్రి మెలకువ, మీ వయసు చూస్తే నాకు మొదటిదే ఎక్కువ అనిపిస్తోంది. ఇది 40 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లకే ఎక్కువ వస్తుంది, మగవాళ్లకన్నా ఆడవాళ్లకి ఎక్కువ.

ఇక్కడ మాత్రం పొర నిజంగానే బిగుస్తుంది. కాలిన గాయం మానేటప్పుడు చర్మం దగ్గరికి లాక్కుపోతుంది కదా, అప్పుడు పోగుల్ని లాగి బిగించే కణాలు ఉంటాయి. ఫైబ్రోబ్లాస్టులే అలా మారతాయి. గాయం మానాక అవి తప్పుకోవాలి. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఏ గాయమూ లేకుండానే కీలు సంచిలో వాపు మొదలై, ఈ కణాలు చేరి, సంచిని మందంగా, కురచగా చేసేస్తాయి. మొదటి నెలల్లో నొప్పి ఎక్కువ, తర్వాత నొప్పి తగ్గి బిగింపు మిగులుతుంది, ఆ తర్వాత మెల్లగా వదులుతుంది. మొత్తానికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు. మీరు ఇప్పుడు నొప్పి ఎక్కువున్న దశలో ఉన్నారు. ఈ దశలో బలంగా లాగి, నొక్కి విడగొట్టబోతే వాపు ఇంకా పెరుగుతుంది. పది సిట్టింగులు వద్దని చెప్పడానికి అసలు కారణం ఇది, డబ్బు కాదు.

షుగర్ ఎందుకన్నానంటే, మామూలు జనంలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వచ్చే ఈ జబ్బు షుగర్ ఉన్నవాళ్లలో నూటికి 10 నుంచి 20 మందికి వస్తుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర కొల్లాజెన్ పోగులకి అంటుకుని, పోగుకీ పోగుకీ మధ్య ముడులు వేస్తుంది. ఆ ముడులు పడ్డ పొర బిరుసెక్కుతుంది, త్వరగా మారదు. కొందరికి షుగర్ ఉందని తెలిసేది భుజం పట్టేసి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే. ఇంకో గుర్తు ఇంట్లోనే చూసుకోవచ్చు. నమస్కారం పెట్టినట్టు రెండు చేతులూ గట్టిగా కలపండి. అరచేతులూ, వేళ్లూ పూర్తిగా ఒకదానికొకటి ఆనాలి. వేళ్ల మధ్య సందు ఉండిపోతే షుగర్ చాలాకాలంగా ఉండి చేతుల్లో పొరలు కూడా బిగిశాయేమో చూడాలి. మీ చేతులే మీ జీవనాధారం గనుక ఇది మరీ ముఖ్యం. సందు లేదని పరీక్ష మానెయ్యొద్దు.

మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరగడుపున రక్తపరీక్ష ఉచితంగా చేస్తారు. 126 గానీ, ఆ పైన గానీ వస్తే మరోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. వీలైతే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి, 6.5 గానీ ఆ పైన గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. థైరాయిడ్ కూడా చూడమనండి, దానికీ ఈ భుజానికీ సంబంధం ఉంది. ఆ కాగితాలు పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రే తీసి కీలు అరుగుదల లేదని చూస్తారు. మొదటి నెలల్లో కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే నొప్పి బాగా తగ్గి చెయ్యి కదపడం సులువవుతుంది. షుగర్ ఉంటే ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు అది పెరుగుతుంది గనుక ముందే చెప్పండి. ఊళ్లో ఎవరో ఇచ్చే నొప్పి ఇంజెక్షన్ ఇది కాదు, రెండూ కలిపెయ్యకండి.

అప్పటిదాకా ఇంట్లో ఇది చేయండి. ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి కొంచెం ముందుకి వంగి, కుడి చేతిని కిందికి వదిలేయండి. ఒళ్లు మెల్లగా ఊపుతూ ఆ చేతిని చిన్న చిన్న గుండ్రాల్లో తిరగనివ్వండి, రెండు నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. ముందు కాపడం పెట్టుకుంటే ఇంకా మంచిది. చేశాక నొప్పి కాసేపటికే సర్దుకుంటే సరిపోయినట్టు, రాత్రికి నొప్పి పెరిగితే ఎక్కువ చేసినట్టు. పడుకున్నప్పుడు కుడి చెయ్యి కింద దిండు పెట్టుకోండి. జడ వేసే పని కొన్ని నెలలు ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పండి.

రెండు మూడు జాగ్రత్తలు. వేళ్ల కీళ్లు వాచి, పొద్దున్న బిగింపు గంట దాటినా వదలకపోతే అది కీళ్లవాతం కావచ్చు, రక్తపరీక్ష వేరే ఉంటుంది. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం ఆగినా, ఆపుకోలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక మన డెల్టాలో పాత బెడద బోదకాలు. కాలు వాచి, చర్మం మందంగా, గట్టిగా మారుతుంటే అదీ చర్మం కింద పొరలు గట్టిపడడమే, కానీ దానికి కారణం ఫైలేరియా క్రిముల వల్ల చెడిన లింఫు నాళాలు, అంటే కండరాల మధ్య మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే గొట్టాలు. దాన్ని మసాజ్ సెంటరులో గట్టిగా నొక్కించకూడదు. మీ చుట్టుపక్కల ఎవరికైనా అలా ఉంటే ఆరోగ్య కేంద్రానికి వెళ్లమని చెప్పండి.

షుగర్ రిపోర్టు, భుజం తిప్పి చూసినప్పుడు ఏమైందో రెండూ రాసి పంపండి. అద్దాలు చేయించుకున్నాక మెడ ఎలా ఉందో కూడా రాయండి. మిగతా వ్యాయామాలు అది చూసి చెబుతాను.